తెరకెక్కని పాటలు

నాటకం సినిమాగా మారేటప్పుడు కత్తెర ముందు ఎవరి గొంతు మీద పడుతుంది?

1966 నవంబరు. న్యూయార్క్‌లోని బ్రాడ్‌హర్స్ట్ థియేటర్. వేదిక మీద బెర్లిన్ నగరంలోని ఓ అద్దె గది. ఆ ఇంటి యజమానురాలు, పెద్దావిడ, లోపలికొస్తుంది. చేతిలో గాజు పళ్లగిన్నె. ఆవిడ నిశ్చితార్థానికి ఆ గదిలో ఉంటున్న కుర్ర జంట ఇచ్చిన కానుక అది. తిరిగిచ్చేయడానికి వచ్చింది. పెళ్లి మానుకుంది మరి. పెళ్లికొడుకు షుల్జ్ పళ్ల కొట్టు యజమాని. మంచివాడే, యూదుడు కావడమే వచ్చిన చిక్కు. ఆయన కొట్టు అద్దం మీద ఇటుక వచ్చి పడింది. ఊళ్లో నాజీల జోరు పెరుగుతోంది. గదులు అద్దెకిచ్చుకునే లైసెన్సు పీకేస్తే ఈ వయసులో తాను బతికేదెలా? కుర్రాడు నిలదీస్తాడు. ఆవిడ కోప్పడదు, ఏడవదు. పాట అందుకుంటుంది. సారాంశం ఒక్కటే: నా స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు నాయనా, చెప్పు.

ఆ నాటకం ‘క్యాబరే’. ఆ పెద్దావిడ, ఫ్రాలైన్ ష్నైడర్ పాత్రలో ఉన్నది లొటె లెన్యా. అప్పటికి ఆమెకు 68 ఏళ్లు. వియన్నాలో పుట్టి, బెర్లిన్‌లో పేరు తెచ్చుకుని, నాజీలు గద్దెనెక్కిన 1933లోనే జర్మనీ వదిలి వెళ్లిన నటి. ఆమె భర్త, సంగీత దర్శకుడు కుర్ట్ వైల్ యూదుడు. పాటలోని ప్రశ్న లెన్యాకు ఒకరు రాసిస్తే తెలిసింది కాదు.

1972లో ‘క్యాబరే’ సినిమాగా వచ్చింది. 8 ఆస్కార్లు గెలిచింది. అందులో ఈ పాట లేదు. పెద్దావిడ పాత్ర ఉందంటే ఉంది. షుల్జ్ అయితే అసలే లేడు.

వికెడ్ తెచ్చిన చర్చ

ఈ పాత ముచ్చట ఇప్పుడెందుకంటే, ‘వికెడ్’. 2003 నుంచి బ్రాడ్‌వేలో ఆడుతున్న ఈ సంగీత నాటకాన్ని హాలీవుడ్ రెండు సినిమాలుగా తీసింది. మొదటిది 2024 నవంబరులో, రెండోది 2025 నవంబరులో విడుదలయ్యాయి. నాటకం మొత్తం విరామంతో కలిపి రెండు ముప్పావు గంటలు. మొదటి సినిమా ఒక్కటే సుమారు అంతసేపు ఉంది. ఒకే సినిమాగా కుదించాలంటే పాటలకో పాత్రలకో కోత పెట్టాల్సి వస్తుందని, అందుకే రెండుగా తీస్తున్నామని దర్శకుడు జాన్ ఎం. చూ 2022లోనే ప్రకటించాడు. రెండు టికెట్లు అమ్ముకోవడానికి దొరికిన సాకు అని నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ చూ ఊరికే భయపడలేదు. నాటకాలు తెరకెక్కిన చరిత్ర చూస్తే సగం పాటలు దారిలోనే రాలిపోయిన సందర్భాలు కోకొల్లలు.

అన్నిటికన్నా ఘోరం ‘ఆన్ ద టౌన్’. 1944లో లియొనార్డ్ బెర్న్‌స్టీన్ సంగీతంతో వచ్చిన నాటకం. 1949లో ఎం.జి.ఎం. సంస్థ సినిమా తీస్తూ ఆయన బాణీల్లో కొన్ని మాత్రం ఉంచుకుని, మిగతావాటి స్థానంలో రోజర్ ఈడెన్స్ చేత కొత్త పాటలు కట్టించింది. ఉంచిన పాటలోనూ ఓ చిన్న తిట్టుమాట తీసేసి మర్యాదైన మాట పెట్టారు!

తెర వెనక సామాను సర్దాలి కదా

పాటలు పోవడానికి కొన్ని కారణాలు పూర్తిగా పనికి సంబంధించినవి. పాతకాలం అమెరికన్ సంగీత నాటకాల్లో కొన్ని పాటలు పుట్టిందే సెట్ మార్చడం కోసం. పెద్ద సెట్ తీసి ఇంకో పెద్ద సెట్ వేయాలంటే రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. అందాకా ముందు ఓ తెర దించి, దాని ఎదుట ఇద్దరు చిన్న పాత్రధారులు నిలబడి హుషారుగా ఓ పాట పాడేవాళ్లు. వెనక సుత్తి చప్పుళ్లు ఆ పాటలో కలిసిపోయేవి. సినిమాకి ఆ బాధ లేదు. ఒక షాట్‌లో సాల్జ్‌బర్గ్, మరు షాట్‌లో కొండ. సెట్ మార్చే పనిలేనప్పుడు అందుకోసం రాసిన పాటా దండగే.

ఇంకోటి, క్లోజప్. వేదిక మీద నాయిక మనసు వెనక వరసలో కూర్చున్నవాడికి తెలియాలంటే పాడాలి. కెమెరాకి కనురెప్ప ఒక్కసారి వాలితే చాలు.

ఇవన్నీ న్యాయమైన కారణాలే. అయితే రెండు ప్రసిద్ధ సినిమాల్లో పోయిన పాటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. వాటిలో చాలావాటిని పాడేది నడివయసువాళ్లు, ముసలివాళ్లు, నాయకుడి పక్కవాళ్లు. ముఖ్యంగా, తలవంచుకుని బతికేద్దామనుకునేవాళ్లు.

174 నిమిషాల్లో చోటు లేదా?

‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ చూడని ఇంగ్లిషు మీడియం బడి పిల్లలు మన దగ్గర తక్కువ. గుల్జార్ హిందీ ‘పరిచయ్’లో దాని ఛాయలు గుర్తుపట్టినవాళ్లూ చాలామందే. 2023లో ముంబైకి ఈ నాటకం వస్తే టికెట్లు కొనుక్కుని చూసిన తెలుగువాళ్లూ ఉన్నారు. సినిమా కంఠతా వచ్చినవాళ్లకు నాటకం వరస కొత్తగా ఉంటుంది. ఉరుముల రాత్రి, పిల్లల్ని చూసుకునే మారియా వాళ్లకు తన ఇష్టమైన వస్తువుల జాబితా పాడి వినిపించడం సినిమా ముచ్చట. 1959 నాటకంలో ఆ పాటను ఆమె మఠంలో పెద్ద సిస్టర్‌తో కలిసి పాడుతుంది. ఉరుముల్లో పాడేది మేకల కాపరి పాట. సినిమాలో అది తోలుబొమ్మలాటలోకి వెళ్లింది.

వరస మారితే మారింది. అసలు మాయమైనవి మూడు పాటలు. వాటిలో ‘యాన్ ఆర్డినరీ కపుల్’ మారియా, పిల్లల తండ్రి కెప్టెన్‌ల యుగళగీతం. దాని బదులు సినిమాలో ‘సంథింగ్ గుడ్’ వచ్చింది. మాటా బాణీ రెండూ రిచర్డ్ రోజర్స్‌వే. జంటకవి ఆస్కర్ హామర్‌స్టీన్ అప్పటికి లేడు. కడుపు క్యాన్సర్‌తో 1960 ఆగస్టులో, నాటకం మొదలైన తొమ్మిది నెలలకే కన్నుమూశాడు. నా చెవికైతే కొత్త పాటే బాగుంటుంది. పాతది కాస్త సాదాగా నడుస్తుంది. ఆ మార్పుతో నాకు పేచీ లేదు.

పేచీ మిగతా రెంటితో. రెండూ ఎల్సా, మాక్స్‌లవి. ఎల్సా అంటే కెప్టెన్ పెళ్లాడాలనుకున్న డబ్బున్న ఆవిడ. మాక్స్ ఇద్దరికీ స్నేహితుడు. ‘హౌ కెన్ లవ్ సర్వైవ్’ వట్టి వెటకారం. ప్రేమకథలన్నీ పేదవాళ్లవే, కష్టమే లేని మాలాంటి కోటీశ్వరుల ప్రేమ నిలిచేదెలా అని దొరసాని బెంగ. అది సరదా. రెండోది ‘నో వే టు స్టాప్ ఇట్’. ఆస్ట్రియా మీదికి హిట్లర్ వస్తున్నాడు. లొంగే ప్రసక్తే లేదంటాడు కెప్టెన్. ప్రపంచం తిరిగినట్టు తిరగనీ, మనం ఆపగలిగింది కాదు, మన సంగతి మనం చూసుకుందాం అని నచ్చజెబుతూ మిగతా ఇద్దరూ పాడతారు. బాణీ మహా చలాకీగా ఉంటుంది. ప్రేక్షకుడి కాలు తనకు తెలియకుండానే తాళం వేస్తుంది. తాను దేనికి తాళం వేస్తున్నాడో గ్రహించేసరికి పాట అయిపోతుంది.

నాటకంలో ఎల్సాకీ కెప్టెన్‌కీ పెళ్లి చెడిపోయేది ఇక్కడే. నాజీలతో సర్దుకుపోయే మనిషితో కాపురం చేయలేనని ఆయనకు తేలిపోతుంది. మారియా మీద ప్రేమ బయటపడేది ఆ తర్వాత. సినిమాలో ఇదంతా ఒక బాల్కనీ సన్నివేశం. ఆయన మనసు వేరొకరి మీద ఉందని ఎల్సాకి అర్థమవుతుంది, హుందాగా తప్పుకుంటుంది. ఎలినార్ పార్కర్ ఎంత అందంగా చేసిందో చెప్పక్కర్లేదు. కానీ దేశం గొడవ కాస్తా సవతి గొడవైపోయింది.

నిడివి కోసం తీశారనడానికీ లేదు. సినిమా 174 నిమిషాలు. మూడు తీసి రెండు కొత్తవి కలిపారు కూడా. స్క్రీన్‌ప్లే రాసిన ఎర్నెస్ట్ లేమన్, దర్శకుడు రాబర్ట్ వైజ్ లెక్క వేరు. జనం వచ్చేది మారియా కోసం, పిల్లల కోసం, కొండల కోసం. ఆ లెక్క తప్పిందనీ అనలేం, 5 ఆస్కార్లు వచ్చాయి. లోకమంతా చూసింది. అలా చూసిన లోకానికి గుర్తున్న కెప్టెన్ మాత్రం ఎన్నడూ ఊగిసలాట ఎరగని, పక్కనున్నవాళ్లెవరూ ఊగిసలాడని ఆస్ట్రియాలో బతికినవాడు.

ఇక్కడో చిన్న సంగతి. 1959 వేదిక మీద ఆ పాట సన్నివేశంలో ఉన్న ముగ్గురిలో ఇద్దరు, కెప్టెన్‌గా థియొడార్ బైకెల్, మాక్స్‌గా కుర్ట్ కాస్నర్, వియన్నాలో పుట్టినవాళ్లే. హిట్లర్ సైన్యం వియన్నాలో అడుగుపెట్టిన 1938లో బైకెల్ వయసు 13. యూదు కుటుంబం. ఊరు వదిలి పాలస్తీనాకు వెళ్లిపోయారు. సర్దుకుపొమ్మని సలహా ఇచ్చే పాట ఎదుట రోజూ సాయంత్రం ఆయన నిలబడాల్సి వచ్చేది.

> పాట పోయినా బాణీ మిగిలింది
>
> ‘హౌ కెన్ లవ్ సర్వైవ్’ బాణీ సినిమాలో కెప్టెన్ ఇంటి విందులో వాల్ట్జ్‌గా వినిపిస్తుంది, మాటల్లేకుండా.
>
> ‘క్యాబరే’ నాటకంలో పెద్దవాళ్లిద్దరి ‘మ్యారీడ్’ పాట సినిమాలో జర్మన్ మాటలతో, గ్రామఫోన్ రికార్డు మీద గ్రెటా కెల్లర్ గొంతులో నేపథ్యంగా నడుస్తుంది.
>
> ‘చికాగో’ (2002) కోసం కేథరిన్ జీటా జోన్స్, క్వీన్ లతీఫా మీద ‘క్లాస్’ పాట చిత్రీకరించి మరీ తీసేశారు. ఆల్బమ్‌లో ఉంది.
>
> ‘ఇన్‌టు ద వుడ్స్’ (2014) కోసం స్టీఫెన్ సాండ్‌హైమ్ మెరిల్ స్ట్రీప్‌కు ప్రత్యేకంగా కొత్త పాట రాసిచ్చాడు. చిత్రీకరించారు, తీసేశారు. డిస్కులో చూడొచ్చు.

అనాసపండు ఇచ్చిన పెద్దమనిషి

‘క్యాబరే’ కథ మరోలా నడిచింది. నాటకంలో ష్నైడర్, షుల్జ్‌ల ప్రేమ మొదలయ్యేది ఓ అనాసపండుతో. అప్పటి బెర్లిన్‌లో అనాస అంటే మాటలా! కాగితం సంచిలో పెట్టి తెచ్చి ఆవిడ చేతికిస్తాడు. వజ్రాలహారం ఇచ్చినంత సంబరపడుతూ ఇద్దరూ కలిసి దాని మీదే ఓ పాట పాడతారు. ప్రేక్షకులు పడీపడీ నవ్వుతారు. రెండో అంకంలో ఆ నవ్వుకు మూల్యం చెల్లిస్తారు. అద్దం పగలడం, గిన్నె తిరిగి రావడం, అన్నీ ఆ పండు తర్వాతే.

షుల్జ్ వేషం వేసిన జాక్ గిల్‌ఫర్డ్ గురించి ఒకమాట. కమ్యూనిస్టుల వేట పేరుతో 1950లలో హాలీవుడ్, టీవీ సంస్థలు చాలామందిని వెలివేశాయి. ఆ నల్లజాబితాలో ఈయన పేరుంది. ఏళ్ల తరబడి సినిమాల్లో, టీవీలో పని దొరకలేదు. నిన్నటిదాకా పలకరించినవాళ్లు ఇవాళ మొహం తిప్పుకుంటే ఎలా ఉంటుందో ఆయనకు వేషం వేసుకోకముందే తెలుసు.

సినిమా దర్శకుడు బాబ్ ఫాసీ ఒక నియమం పెట్టుకున్నాడు. మనుషులు ఉన్నట్టుండి ఇంట్లోనూ వీధిలోనూ పాట ఎత్తుకోవడం 1972 ప్రేక్షకుడికి నప్పదు, పాటలన్నీ కథలోని బెర్లిన్ నైట్‌క్లబ్బు వేదిక మీదే జరగాలి. తోట హోటల్లో నాజీ కుర్రాడు పాడే ఒక్కటే మినహాయింపు. ఆ నియమంతో పెద్దవాళ్ల పాటలన్నీ ఎగిరిపోయాయి. వాళ్ల ప్రేమకథ స్థానంలో క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ మూల రచనలోని పాత్రలతో ఓ యువ జంటను తెచ్చారు. చావు భయం అలాగే ఉంది, వయసులు తగ్గాయి.

అలాగని ఫాసీని పిరికివాడనలేం. నాటకం విషయంలో జరిగింది చూడండి. క్లబ్బు వ్యాఖ్యాత గొరిల్లాతో కలిసి పాడే పాట ఒకటుంది. చివరి మాటలో యూదుల ప్రస్తావన ప్రేక్షకుడి చెంప ఛెళ్లుమనిపిస్తుంది. 1966లో యూదు ప్రేక్షకుల నుంచే నిరసన రావడంతో ఆ మాట మార్చేశారు. ఫాసీ సినిమాలో అసలు మాటను తిరిగి పెట్టాడు. పెద్దావిడ అడిగిన ప్రశ్నను కూడా ఊరికే వదిలేయలేదు. సినిమా ఆఖరున వంకరటింకర అద్దంలో క్లబ్బు ప్రేక్షకులు కనిపిస్తారు, వాళ్లలో నాజీ పట్టీలు కట్టుకున్నవాళ్లు! పాటతో అడిగింది బొమ్మతో అడిగాడు. వైజ్ ఆ పని చేయలేదు. నా దృష్టిలో ఈ రెండు సినిమాలకూ అసలు తేడా అక్కడుంది.

అయినా ఒక లోటు పూడలేదు. అద్దంలో కనిపించేవాళ్లు ఎవరో మనకు తెలియదు. ష్నైడర్ మనకు తెలుసు. అనాసపండుకి మురిసిపోయిన మనిషి. చెడ్డది కాదు. చెడ్డది కాని మనిషి భయంతో తలుపేసుకోవడం చూడటం కష్టం.

> కొత్త పాట ఎందుకంటే...
>
> నాటకంలోని పాటకు ఎంత పేరున్నా ‘ఉత్తమ ఒరిజినల్ సాంగ్’ ఆస్కార్ రాదు. సినిమా కోసం రాసిందే అయ్యుండాలి. అందుకే ఉన్నవి తీసే చేత్తోనే ఒకటో రెండో కొత్తవి రాయిస్తారు. ‘ఎవీటా’ (1996) అలా రాయించిన పాటకే ఆస్కార్ గెలిచింది. ‘చికాగో’, ‘ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’ (2004), ‘డ్రీమ్‌గర్ల్స్’ (2006), ‘లే మిజరాబ్ల్’ (2012) కొత్త పాటలకు నామినేషన్లు వచ్చాయి.

మళ్లీ వేదికెక్కితే మరో కత్తెర

సినిమా పెద్ద హిట్టయితే నాటకం దాన్ని అనుసరించాల్సిందే. ‘గ్రీస్’ చూడ్డానికొచ్చిన జనం 1978 సినిమా కోసం రాసిన పాటలు వేదిక మీద కూడా కావాలంటారు. 1998లో ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ బ్రాడ్‌వేకి తిరిగొచ్చినప్పుడు సినిమా పాటలు రెండూ వచ్చి చేరాయి. సంతోషం ఏమిటంటే ఎల్సా పాటలు కూడా ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన కొత్త ‘క్యాబరే’లో సినిమాలో లైజా మినెల్లి పాడిన పాటలు కలిశాయి, పెద్దావిడ పాటలు పోలేదు. 2013లో ఎన్‌బీసీ టీవీ ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ను ప్రత్యక్ష ప్రసారం చేస్తే ఎల్సాగా లారా బెనాంటి ఆ రెండు పాటలూ పాడింది. ఒక్క రాత్రిలో కోటీ ఎనభై లక్షల మందికి పైగా చూశారు. వాళ్లలో చాలామంది ఆ పాటలు వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

కాలం మారినందువల్ల పోయే పాటలు వేరు. 1946 నాటి ‘యానీ గెట్ యువర్ గన్’లో అమెరికన్ ఆదివాసుల్ని ఆటపట్టించే పాట ఉంది. 1950 సినిమాలో దర్జాగా ఉంచారు. 1999లో నాటకాన్ని మళ్లీ వేసినప్పుడు తీసేశారు. ఆ పాట పోయినందుకు నేనైతే కన్నీళ్లు పెట్టుకోను. కవి స్వయంగా సిగ్గుపడ్డ పాటలూ ఉన్నాయి. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో మారియా పాడే ‘ఐ ఫీల్ ప్రెటీ’ అంటే రాసిన సాండ్‌హైమ్‌కే గిట్టదు. ప్యూర్టోరికో నుంచి కొత్తగా వచ్చిన పిల్ల నోట అంత ముద్దుముద్దు ఇంగ్లిషు ప్రాసలేమిటని ఆయన బాధ. 2020 బ్రాడ్‌వే ప్రదర్శనలో ఆ పాటను ఎత్తేశారు.

మన పద్యానికి పట్టిన గతి

మన పద్యనాటకంలో ఈ లెక్కలు మారిపోతాయి. అక్కడ పద్యం రాసినవాడిది ఎంతో పాడినవాడిదీ అంతే. ‘వన్స్‌మోర్’ అని పందిట్లో కేక పడితే చచ్చినట్టు మళ్లీ పాడాల్సిందే, రాగం ఇంకాస్త సాగదీసి. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడితే రాయబారం సీనుకే జనం కాచుకుని కూర్చునేవారు. 1967లో కమలాకర కామేశ్వరరావు ‘శ్రీకృష్ణావతారం’ తీసినప్పుడు రాయబారం ఘట్టంలో ఆ కవుల పద్యాలే పెట్టారు, ఘంటసాల పాడారు. నాటకంలోని పద్యాల్లో సినిమాకు ఎక్కింది గుప్పెడే. పైగా సాగదీత లేదు, పద్యం చెప్పి సంభాషణలోకి వెళ్లిపోవడమే. పాత పరిషత్తు రసికులు ఆ వేగం చూసి పెదవి విరిచారు. ఇప్పటివాళ్లకు ఆ పద్యాలు తెలిసిందే ఆ సినిమా వల్ల.

కొత్తవి వచ్చి చేరడమూ మనకుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’లో కాటి సీనుకు జాషువా శ్మశానవాటి పద్యాలు కలిపింది రంగస్థల నటులు. కవి రాసిన నాటకంలో అవి లేవు. ఇవాళ అవి లేకుండా ఆ సీను ఆడితే జనం ఊరుకోరు. ఇలా కలుపుకునే అలవాటే ఇంకోచోట కొంప ముంచింది. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’లో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ నటులు తోచిన మోటుహాస్యమంతా పోగేశారు. ఆర్యవైశ్యుల అభ్యంతరాల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. బ్రాడ్‌వేలో అభ్యంతరమున్న పాట తీసి నాటకం ఉంచారు. మనం ఆ శ్రమ కూడా పెట్టుకోలేదు.

ఎక్కడ వినొచ్చు?

తీసేసిన పాటల్లో చాలావాటికి చావు లేదు. బ్రాడ్‌వేలో నాటకం మొదలయ్యాక తొలి నటీనటులతో ఆల్బమ్ రికార్డు చేయడం ఆనవాయితీ. సినిమావాళ్ల కత్తెర దానికి తగలదు. 1959 ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ ఆల్బమ్, 1966 ‘క్యాబరే’ ఆల్బమ్ రెండూ మ్యూజిక్ యాప్‌లలో దొరుకుతాయి. ‘ఒరిజినల్ బ్రాడ్‌వే క్యాస్ట్’ అని ఉన్నవి వెతకండి, ‘సౌండ్‌ట్రాక్’ అంటే సినిమాది వస్తుంది. మొదటి దాంట్లో ‘నో వే టు స్టాప్ ఇట్’, రెండో దాంట్లో లెన్యా పాడిన ‘వాట్ వుడ్ యు డూ’ ముందు వినండి. లెన్యాది తీపి గొంతు కాదు, బొంగురు. ఇంగ్లిషులో జర్మన్ యాస దాగదు. రెండు పాటలూ కలిపి పది నిమిషాలు పట్టవు.